నైట్ షిఫ్ట్ ఐటీ జాబ్ తీసుకోవాలా, వద్దా? నల్లగొండ, పాలమూరు పిల్లలు చూసుకోవాల్సిన లెక్కలు

ఆఫర్ లెటర్ వచ్చింది. కంపెనీ హైదరాబాద్‌లో. టైమింగ్ సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజాము మూడున్నర. ఇంకో చోట వచ్చిన డే షిఫ్ట్ ఆఫర్ కంటే జీతం కాస్త ఎక్కువ. జవాబు చెప్పడానికి వారమే గడువు. ఇంట్లో అమ్మ "రాత్రంతా మేల్కొని చేసే కొలువేంది బిడ్డా" అంటుంది. దోస్తేమో "ముందు ఐటీలోకి ఎంటరయిపో, మిగతాది తర్వాత చూసుకోవచ్చు" అంటాడు. దేవరకొండ నుంచి వనపర్తి దాకా, మిర్యాలగూడ నుంచి నారాయణపేట దాకా డిగ్రీ, బీటెక్ అయిన పిల్లలున్న ఇళ్లల్లో ఇప్పుడు ఈ మాటే నడుస్తోంది.

అమ్మ మాటలో నిజముంది, దోస్తు మాటలోనూ నిజముంది. అయితే ఇద్దరూ గడియారం చూసే మాట్లాడుతున్నారు. నా లెక్కలో ముందు తేల్చుకోవాల్సినవి రెండు. రాత్రి రెండింటికి మీరు చేసే పని ఏమిటి? పగలు పదింటికి మీరు పడుకునే గది ఎట్లా ఉంటుంది? మొదటిదాన్ని బట్టి మీ కెరీర్ ఎటు పోతుందో తెలుస్తుంది. రెండోదాన్ని బట్టి మీరు అందులో ఎన్నాళ్లు నిలబడగలరో తెలుస్తుంది. జీతం, కంపెనీ పేరు, ఆఫీసు ఎక్కడ అన్నవి ఆ తర్వాతే.

రాత్రి పని మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యేదాకా, త్రీఫేజ్ ఎప్పుడొస్తే అప్పుడు టార్చిలైటు పట్టుకొని బోరు దగ్గరికి పోయినవాళ్లే మన తండ్రులు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఫార్మా కంపెనీల్లో చేసేవాళ్లకు సీ షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, ఎట్లా ఉంటుందో ఒకరు చెప్పనక్కర్లేదు. కాబట్టి రాత్రి పని అనగానే భయపడాల్సిన పని లేదు, అట్లాగని తేలిగ్గా తీసుకునేదీ కాదు.

ఏ దేశం టైమింగ్ అన్నది మొదట అడగండి

నైట్ షిఫ్ట్ అని అందరూ ఒకే పేరుతో పిలుస్తారు గానీ లోపల చాలా తేడాలున్నాయి. క్లయింట్ బ్రిటన్‌లో ఉంటే వాళ్ల ఉదయం 9 నుంచి సాయంత్రం 5 అంటే మనకు ఎండాకాలంలో మధ్యాహ్నం 1.30 నుంచి రాత్రి 9.30, చలికాలంలో 2.30 నుంచి 10.30. రాత్రి పన్నెండు, ఒంటిగంటకల్లా మంచమెక్కొచ్చు. దీన్ని నేనసలు నైట్ షిఫ్ట్ కిందే లెక్కేయను. ఇట్లాంటి ఆఫర్ వస్తే టైమింగ్ పేరు చెప్పి వదులుకోవద్దు.

అమెరికా తూర్పు వైపు, అంటే న్యూయార్క్ టైమింగ్ అయితే అక్కడి 9 నుంచి 5 మనకు సాయంత్రం 6.30 నుంచి రాత్రి 2.30. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి జరుపుతారు కాబట్టి అప్పటి నుంచి మనకు 7.30 నుంచి 3.30 అవుతుంది. మళ్లీ మార్చి రెండో ఆదివారం పాత టైమింగ్‌కు వస్తుంది. కాలిఫోర్నియా టైమింగ్ అయితే రాత్రి 9.30 నుంచి తెల్లవారుజాము 5.30, చలికాలంలో 10.30 నుంచి 6.30. అన్నిటికంటే కష్టమైనది ఇదే. డ్యూటీ దిగి బయటికొచ్చేసరికి తెల్లవారిపోతుంది, ఎండ కళ్లలో పడిందంటే నిద్ర దూరమైపోతుంది. ఆస్ట్రేలియా ప్రాజెక్టులు వేరే దారి. సిడ్నీలో ఉదయం 9 అంటే మనకు తెల్లవారుజాము 4.30, వాళ్ల వేసవిలో 3.30. తొందరగా పడుకునే అలవాటున్నవాళ్లకు ఇది సరిపోతుంది.

ఇవి కాక రొటేషనల్ షిఫ్టులున్నాయి. 24 గంటలూ నడిచే మానిటరింగ్ టీముల్లో ఒక వారం ఉదయం, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి వేస్తారు. "నెలలో ఒక్క వారమే కదా నైట్" అని చాలామంది దీన్నే మంచిదనుకుంటారు. నా అభిప్రాయం వేరు. రాత్రికి ఒళ్లు అలవాటు పడుతుందనగానే షిఫ్ట్ మారిపోతుంది, వారం వారం మార్పు అన్నింటికంటే ఎక్కువ అలసట తెస్తుంది. రొటేషన్ తప్పకపోతే రెండు విషయాలు అడగండి. వరుస ఉదయం నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి రాత్రికి పోతుందా, వెనక్కి వస్తుందా? ముందుకు పోయే వరుసను శరీరం కొంచెం సులువుగా తట్టుకుంటుంది. రెండోది, రోస్టర్ (ఎవరికి ఏ షిఫ్టో చెప్పే పట్టిక) ఎన్ని రోజుల ముందు ఇస్తారు? శుక్రవారం సాయంత్రం మెయిల్ పెట్టి సోమవారం నుంచి నైట్ అనే టీములో పెళ్లికి పోవడం కూడా టెన్షనే.

రాత్రి రెండింటికి చేసే పని

మన పిల్లలు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. హైటెక్ సిటీలో అద్దాల బిల్డింగులో, మెడలో ట్యాగ్ వేసుకొని చేసే ప్రతి పనీ సాఫ్ట్‌వేర్ పని కాదు. రాత్రి ఉద్యోగాల్లో అమెరికా వైద్య బిల్లుల ఏఆర్ కాలింగ్ (రావాల్సిన బిల్లు డబ్బు కోసం ఇన్సూరెన్స్ కంపెనీలకు ఫోన్ చేయడం) ఉంటుంది, యూఎస్ ఐటీ రిక్రూటర్, బెంచ్ సేల్స్ (అమెరికాలో ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్న ఐటీ వాళ్లకు పని వెతికిపెట్టడం) ఉంటాయి. గౌరవంగా బతకడానికి ఇవి మంచి పనులే. ఇంగ్లిష్ బాగా వచ్చి, ఫోన్‌లో మాట్లాడి ఒప్పించే నేర్పున్న పిల్లలు వీటిలో బాగా పైకొస్తారు, ఇన్సెంటివ్‌లూ ఉంటాయి. కానీ "ఏడాది ఇక్కడ చేసి డెవలపర్‌గా మారతా" అనుకొని చేరితే మాత్రం ఆ ఏడాది అనుభవం డెవలపర్ ఇంటర్వ్యూలో లెక్కకు రాదు. చేరితే అందులోనే ఎదగాలని చేరండి. లేదంటే మానుకోండి.

ఇక ఐటీ పనుల్లో మొదటి మెట్టు సర్వీస్ డెస్క్, అంటే ఎల్-1 (లెవెల్-1) సపోర్ట్. అక్కడ ఒక రాత్రి ఎట్లా గడుస్తుందో చూడండి. ఏడింటికి లాగిన్. కాల్ వస్తుంది, పాస్‌వర్డ్ పనిచేయట్లేదంటారు. మనిషెవరో నిర్ధారించుకొని రీసెట్ చేసి, టికెట్‌లో (ఆ ఫిర్యాదు నమోదైన రికార్డులో) రెండు లైన్లు రాసి క్లోజ్ చేస్తారు. తర్వాత వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) కనెక్ట్ కావట్లేదని ఒకరు, ప్రింటర్ కనబడట్లేదని ఇంకొకరు. ప్రతిదానికీ రాసిపెట్టిన స్క్రిప్ట్ ఉంటుంది, ఆ మెట్లన్నీ అయ్యాక కూడా సమస్య తీరకపోతే పై అంచె ఎల్-2కు పంపేయాలి. అక్కడ దాన్ని ఎట్లా సరిచేశారో మీకు తెలియదు. ఎన్ని కాల్స్ తీశారు, ఒక్కో కాల్‌కు ఎంతసేపు పట్టింది అన్నదే మీ మార్కు. ఆరు నెలల్లో నేర్చుకోవాల్సింది అయిపోతుంది. పైగా పాస్‌వర్డ్ రీసెట్ లాంటి పనులు చాలా కంపెనీల్లో చాట్‌బాట్‌కో, ఉద్యోగి తనంత తాను చేసుకునే పోర్టల్‌కో వెళ్లిపోయాయి. రెండేళ్లు అక్కడే కూర్చుంటే మీ కింద నేల మెల్లగా జారిపోతుంది.

ఇప్పుడు ప్రొడక్షన్ సపోర్ట్‌లో, అంటే క్లయింట్ రోజూ వాడే సిస్టమ్‌లను ఆగకుండా చూసుకునే పనిలో, ఎల్-2 రాత్రి చూడండి. ఒకటి నలభైకి అలర్ట్ వస్తుంది. రోజూ అర్ధరాత్రి తనంతట తానే నడిచే ప్రోగ్రామ్ (బ్యాచ్ జాబ్) మధ్యలో ఆగిపోయింది. సర్వర్‌లోకి లాగిన్ అయి లాగ్ ఫైల్ తెరుస్తారు. డిస్క్ నిండిపోయింది. ఎందుకు నిండింది? పాత ఫైళ్లు తీసేసే స్క్రిప్ట్ నాలుగు రోజులుగా నడవలేదు. అది ఎందుకు నడవలేదు? ఎవరో ఫైళ్లుండే చోటు (పాత్) మార్చారు. సాయం అడుగుదామంటే సీనియర్ నిద్రలో ఉన్నాడు, లేపాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవాలి. జాగా ఖాళీ చేసి, జాబ్‌ను ఆగినచోటు నుంచి మళ్లీ నడిపి, పొద్దున టీముకు ఏం జరిగిందో మెయిల్ రాస్తారు. ఈ ఒక్క రాత్రిలో లినక్స్, షెడ్యూలర్, కొంచెం డేటాబేస్, ఒత్తిడిలో నిర్ణయం తీసుకోవడం అన్నీ వచ్చాయి. పగటి టీములో ఫ్రెషర్‌కు ఆ సర్వర్ దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. నైట్ షిఫ్ట్ వల్ల కెరీర్ పెరుగుతుందంటే దీనివల్లే పెరుగుతుంది: రాత్రి మనుషులు తక్కువ, బాధ్యత తొందరగా చేతికొస్తుంది.

ఎన్‌ఓసీ (నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్), ఎస్‌ఓసీ (సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్) పనులు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. ఎన్‌ఓసీలో నెట్‌వర్క్ చూసుకోవాలి, ఎస్‌ఓసీలో సైబర్ దాడుల అలర్టులు. సెక్యూరిటీలోకి పోవాలనుకునేవాళ్లకు ఎస్‌ఓసీ మంచి గుమ్మం, చాలామంది అక్కడ రాత్రి షిఫ్టులతోనే మొదలుపెడతారు. అయితే అలర్ట్ చూసి పైకి పంపేంతవరకేనా, విచారణ కూడా మీచేత చేయిస్తారా అన్నది ఇంటర్వ్యూలోనే అడగాలి. డెవలపర్ పోస్టుకు "కొంచెం ఓవర్‌ల్యాప్ ఉంటుంది", అంటే క్లయింట్ టైముతో కొన్ని గంటలు కలవాలి అంటే, డ్యూటీ మధ్యాహ్నం రెండు నుంచి పదకొండు దాకా కావచ్చు. దానికి పెద్దగా ఆలోచించక్కర్లేదు, తీసుకోండి.

పని ఎట్లాంటిదో హెచ్‌ఆర్ చెప్పలేరు. టెక్నికల్ రౌండ్ తీసుకున్న మనిషిని సూటిగా అడగండి: "నిన్న రాత్రి మీ టీముకు వచ్చిన పెద్ద సమస్య ఏంటి సార్? ఫ్రెషర్ దాంట్లో ఏం చేశాడు?" జవాబు చెప్పగలిగితే అక్కడ పని ఉన్నట్టు. కాల్ వాల్యూమ్, టార్గెట్ అంటూ మాట దాటేస్తే మీకు జవాబు దొరికినట్టే.

జీతం ఎక్కువేనా?

ఒక ఉదాహరణ తీసుకుందాం. డే షిఫ్ట్ ఆఫర్ ఏడాదికి 3.6 లక్షలు, నెలకు 30,000. నైట్ షిఫ్ట్ ఆఫర్ 4.5 లక్షలు, నెలకు 37,500. తేడా 7,500 అనిపిస్తుంది. లెటర్ వెనక పేజీ చూస్తే అందులో రాత్రికి 300 చొప్పున 22 రాత్రుల షిఫ్ట్ అలవెన్స్ 6,600 కలిపి ఉంటుంది. అది తీసేస్తే ఫిక్స్‌డ్ 30,900. అంటే అసలు తేడా 900 రూపాయలే. లీవ్ పెట్టిన రాత్రికి అలవెన్స్ రాదు. దసరాకు, సంక్రాంతికి ఊరికి పోయిన నెలలో 18 రాత్రులే చేశారంటే అలవెన్స్ కింద చేతికొచ్చేది 5,400. పీఎఫ్ లెక్క చాలా చోట్ల బేసిక్ మీదే కాబట్టి అలవెన్స్ అందులోకి రాదు. రేపు కంపెనీ మారేటప్పుడు హైక్ కూడా ఎక్కువగా ఫిక్స్‌డ్ మీదే మాట్లాడతారు. ఇంటికి లోన్ తీసుకోబోతే బ్యాంకు చూసేదీ ఎక్కువగా ఫిక్స్‌డ్ జీతాన్నే.

ఖర్చుల వైపు చూస్తే నైట్ చేసేవాళ్లకు ముగ్గురు, నలుగురు ఉండే పీజీ పనికిరాదు. పగలు నిద్ర కావాలంటే ఒంటరి గదో, అదే షిఫ్టులో చేసే ఇంకొకరితో కలిసి గదో తీసుకోవాలి. హాస్టల్‌లో టిఫిన్ టైముకు మీరు నిద్రలో ఉంటారు, భోజనం టైముకూ అంతే, డబ్బు మాత్రం పూర్తిగా కడతారు. బయటి తిండి దానికి అదనం. ఇవన్నీ తీసేస్తే నైట్ జీతం ఎక్కువ అన్న మాట చాలామందికి నిలవదు. పన్ను గురించి ఫ్రెషర్లు దిగులు పడక్కర్లేదు. 2025–26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు.

అందుకే డబ్బు కోసమే అయితే నైట్ తీసుకోవద్దని నా సలహా. ఫిక్స్‌డ్ జీతంలోనే కనీసం పావు వంతు తేడా ఉంటే అప్పుడు ఆలోచించండి. లేకపోతే పని నేర్చుకోవడానికే తీసుకోండి.

పగలు పదింటికి పడుకునే గది

ఇంటి నుంచి పని చేయొచ్చు అన్న నైట్ షిఫ్ట్ ఆఫర్లు వస్తే ఇంట్లోవాళ్లకు చాలా సంతోషం. కిరాయి మిగులుతుంది, ఇంటి తిండి, బిడ్డ కళ్లముందే ఉంటాడు. కానీ మే నెలలో నల్లగొండలో పాదరసం 44 దాటినప్పుడు రేకుల ఇంట్లో పగలు పదకొండింటికి నిద్రపోవడం ఎట్లా ఉంటుందో ఒకసారి ఊహించండి. ఫ్యాన్ వేడిగాలి విసురుతుంది. తలగడ చెమటకు తడుస్తుంది. బయట కూరగాయల ఆటో మైకు, పక్కింట్లో మిక్సీ, గుడి దగ్గర పాటలు. పన్నెండింటికి చుట్టాలొస్తారు, "ఇంత పొద్దెక్కినా పండుకున్నడేంది" అంటారు. వాళ్లకు ఎదురు చెప్పలేక అమ్మ లేపుతుంది. మధ్యాహ్నం లైన్ మరమ్మతని కరెంటు తీస్తారు. అట్లా ముక్కలు ముక్కలుగా నాలుగు గంటల నిద్రతో సాయంత్రం ఏడింటికి లాగిన్. రెండో నెలకల్లా మనిషికి కోపం ఎక్కువవుతుంది, చదివింది గుర్తుండదు.

ఊర్లో ఉండి నైట్ చేయాలనుకుంటే స్లాబ్ ఇంట్లో ఉత్తరం వైపు ఒక గది మీకోసం ఉంచుకోగలరా, దళసరి పరదాలు, కూలర్, ఇన్వర్టర్ పెట్టుకోగలరా చూసుకోండి. అంతకంటే ముఖ్యం, ఇంట్లో అందరితో ఒక్కటే మాట కుదుర్చుకోండి: ఉదయం అయిదు నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా ఎవరొచ్చినా, ఫోన్ ఎవరిదైనా, లేపొద్దు. ఈ మాటకు ఇల్లు ఒప్పుకోకపోతే హైదరాబాద్‌లో గది తీసుకోవడమే మేలు.

నిద్ర గురించి ఇంత పట్టుబట్టడానికి కారణముంది. మన ఒంట్లో పగలూ రాత్రీ లెక్కపెట్టే గడియారం కణాల స్థాయిలో ఎట్లా నడుస్తుందో కనిపెట్టినందుకు ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో వైద్యంలో నోబెల్ వచ్చింది. వెలుతురు పడితే నిద్ర తెప్పించే మెలటోనిన్ తగ్గుతుంది. అందుకే నైట్ చేసి ఎండలో నడిచి గదికొచ్చినవాళ్లకు మంచమెక్కినా నిద్ర రాదు. రాత్రి షిఫ్ట్ పనిని "బహుశా క్యాన్సర్ కారకం" వర్గంలో పెట్టింది ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, 2007లో. 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట చెప్పింది. ఏడాది నైట్ చేస్తే ఏదో అయిపోతుందని దీనికి అర్థం కాదు. ఏళ్ల తరబడి అదే పనిలో ఉండిపోకూడదని మాత్రం గట్టిగా చెప్పొచ్చు.

కొందరు అసలు తీసుకోకూడదు. మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లకు నిద్ర చెడితే ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. డిప్రెషన్, బైపోలార్‌కు మందులు వాడేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా సంతకం పెట్టొద్దు.

చేరేవాళ్లు కొన్ని అలవాట్లు మొదటి వారం నుంచే పెట్టుకోవాలి. అసలు భోజనం డ్యూటీకి ముందే చేయండి, అర్ధరాత్రి బిర్యానీ ఆర్డర్ పెడితే కడుపు, నిద్ర రెండూ పాడవుతాయి. కాఫీ, టీ షిఫ్టులో మొదటి సగంలోనే ముగించండి. గదికొచ్చాక ఫోన్ పట్టుకోకుండా నేరుగా పడుకోండి. సెలవు రోజుల్లో పూర్తిగా పగటి మనిషిగా మారిపోకుండా కనీసం మూడు, నాలుగు గంటలు ఎప్పుడూ పడుకునే టైములోనే పడుకుంటే సోమవారం రాత్రి సులువవుతుంది.

ఇంకొకటి, ఇది ప్రాణంతో పని. శుక్రవారం రాత్రి డ్యూటీ దిగి శనివారం తెల్లవారుజామున బైకు మీద నల్లగొండకో పాలమూరుకో బయల్దేరే పిల్లలున్నారు. వంద కిలోమీటర్లే కదా అనుకుంటారు. మూడు నుంచి అయిదు మధ్య మనిషి ఒంటికి నిద్ర బరువు అన్నిటికంటే ఎక్కువ, 65వ జాతీయ రహదారి మీద, 44 మీద లారీలూ అప్పుడే వరుసకడతాయి. దయచేసి బండి తీయకండి. పడుకొని లేచి ఎల్బీనగర్‌లోనో ఆరాంఘర్‌లోనో బస్సెక్కండి, కుదిరితే రైలెక్కండి. నైట్ షిఫ్టులో సోమవారం పగలు కూడా మీదే కదా, ఆదివారం రాత్రి ఊర్లో పడుకొని సోమవారం పొద్దున వచ్చినా డ్యూటీకి అందుతారు.

ఆడపిల్లల విషయంలో

ఆడపిల్లలతో రాత్రి పని చేయించే కంపెనీ రవాణా, భద్రత కల్పించాలని నిబంధనలున్నాయి. కాబట్టి క్యాబ్ ఇమ్మని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. అడగాల్సింది ఇంకా లోపలి సంగతి. క్యాబ్ హాస్టల్ గేటు దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు మీద దింపుతుందా? ఆఖరున దిగేది ఒక్క ఆడపిల్లే అయితే తోడు గార్డు ఉంటాడా? చాలా మహిళా హాస్టళ్లు రాత్రి పదింటికి గేటు వేసేస్తాయి. తెల్లవారుజాము నాలుగింటికి తీస్తారా లేదా అన్నది అడ్వాన్స్ కట్టకముందే తేల్చుకోండి. తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ సేవ 2024 నుంచి ఉంది, ప్రయాణాన్ని వాళ్లు గమనిస్తారు. క్యాబ్ ఎక్కేటప్పుడు వాడుకోండి. మెట్రో రాత్రి పదకొండు దాటాక ఉండదు, మళ్లీ ఉదయం ఆరు ప్రాంతంలోనే మొదలవుతుంది. క్యాబ్ ఇవ్వని కంపెనీ అయితే మగపిల్లలకు కూడా కష్టమే.

పెళ్లి మాట ఎత్తి వద్దనే తల్లిదండ్రులుంటారు. వాళ్లను ఒకసారి ఆఫీసు దగ్గరికి, హాస్టల్ దగ్గరికి తీసుకుపోయి చూపించండి. ఫోన్‌లో ఎంత చెప్పినా తగ్గని భయం గార్డును, గేటును, పక్క గదిలో ఉండే వనపర్తి అమ్మాయిని చూస్తే సగం తగ్గుతుంది.

ఊరి దగ్గర ఉద్యోగం, ఇంకా ఆగడం

మహబూబ్‌నగర్ దివిటిపల్లిలో ఐటీ టవర్ 2023 మేలో, నల్లగొండలో అదే ఏడాది అక్టోబర్‌లో మొదలయ్యాయి. అక్కడున్న కంపెనీలను హైదరాబాద్‌తో పోల్చలేం. అయినా నిజంగా కోడ్ రాయించే డే షిఫ్ట్ పని దొరికితే, జీతం నాలుగైదు వేలు తక్కువైనా నేను దాన్నే ముందు పెడతాను. గది కిరాయి, తిండి మిగిలితే ఆ తేడా అక్కడే పూడుతుంది, సాయంత్రం చదువుకోవడానికి తల పనిచేస్తుంది. అక్కడ కూడా డేటా ఎంట్రీయో, కాలింగో అయితే హైదరాబాద్ వెళ్లడమే నయం.

హైదరాబాద్‌లో తక్కువ జీతం డే షిఫ్ట్, ఎక్కువ జీతం నైట్ షిఫ్ట్ రెండూ వచ్చి, రెండింట్లోనూ పని ఒకేలా ఉంటే డే తీసుకోండి. డేలో ఎల్-1, నైట్‌లో ఎల్-2 లేదా ఎస్‌ఓసీ వచ్చాయనుకోండి, ఆరోగ్యం బాగుండి, గది కుదిరితే నైట్ తీసుకోండి. కష్టం వచ్చేది చేతిలో ఒక్క ఆఫరే ఉండి, అదీ నైట్ సర్వీస్ డెస్క్ అయినప్పుడు. డిగ్రీ అయి ఏడాది దాటిపోయింది, ఇంట్లో అప్పు ఉంది, తమ్ముడి ఫీజు ఉంది అంటే చేరండి, తప్పు లేదు. కానీ చేరిన రోజే బయటికొచ్చే తేదీ రాసి పెట్టుకోండి. పాసై ఇంకా ఆరు నెలలు కూడా కాలేదు, ఇంట్లో నడుస్తోంది అంటే ఇంకో మూడు, నాలుగు నెలలు చదివి ప్రయత్నించడం మంచిది. గ్రూప్స్‌కు చదువుతూ పక్కన నైట్ షిఫ్ట్ చేస్తానంటే మాత్రం నాకు నమ్మకం లేదు. పగలు చదవాల్సిన టైమంతా నిద్రకే పోతుంది, రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది.

అమీర్‌పేట చుట్టుపక్కల "డబ్బు కడితే బ్యాక్‌డోర్‌లో నైట్ షిఫ్ట్ పోస్టు" అని తిరిగే కన్సల్టెన్సీలను దగ్గరికి రానివ్వొద్దు. ఉద్యోగానికి డబ్బు అడిగారంటే అక్కడితో లేచి వచ్చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకండి, చూపించి వెనక్కి తీసుకోండి.

బయటికొచ్చే దారి చూసుకొని లోపలికి పోవడం

నైట్ షిఫ్టులో నేర్చుకునే టైము పగలు ఉంటుందనుకుంటారు. ఉండదు. డ్యూటీ దిగాక పుస్తకం తెరిస్తే పేజీ తిరగదు. పనికొచ్చేది మధ్యాహ్నం లేచాక, డ్యూటీకి ముందున్న రెండు గంటలు. నాలుగు నుంచి ఆరు దాకా రోజూ కూర్చుంటే ఆరు నెలల్లో ఒక సర్టిఫికేషన్ గట్టిగా పూర్తవుతుంది. సర్వీస్ డెస్క్‌లో ఉంటే లినక్స్ వైపు ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ, క్లౌడ్ వైపు ఏడబ్ల్యూఎస్ అసోసియేట్ లేదా అజూర్ ఏజడ్-104, నెట్‌వర్క్ వైపు సీసీఎన్ఏ. ఒకటి ఎంచుకోండి, మూడూ మొదలుపెట్టకండి. రాత్రి టికెట్లు రాని గంటల్లో ఎల్-2 వాళ్లు క్లోజ్ చేసిన టికెట్లు చదవండి. మీరు పైకి పంపిన సమస్యను వాళ్లు ఎట్లా తీర్చారో అందులో ఉంటుంది. ఇది ఎవరూ నేర్పరు, చదివినవాళ్లకే వస్తుంది.

సంతకం పెట్టేముందు అడిగి, కుదిరితే మెయిల్‌లో రాయించుకోవాల్సినవి: అలవెన్స్ సీటీసీ (కంపెనీ చెప్పే మొత్తం ఏడాది ప్యాకేజీ) లోపలా, బయటా. సర్వీస్ బాండ్ (ముందే మానేస్తే డబ్బు కట్టాలన్న ఒప్పందం) ఉందా, ఎంత. నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు. డే షిఫ్టుకు లేదా పై టీముకు ఎన్నాళ్లకు మారుస్తారు. ఈ చివరి ప్రశ్నకు "పెర్ఫార్మెన్స్ బట్టి" అంటారు. అక్కడ ఆగకుండా "పోయిన ఏడాది ఈ టీము నుంచి ఎవరైనా మారారా?" అని అడగండి. వీలైతే ఆ టీములో చేసిన మన జిల్లా సీనియర్ ఎవరైనా ఉంటే ఫోన్ చేయండి. కాలేజీ వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకరైనా దొరుకుతారు, హెచ్‌ఆర్ చెప్పనివి అయిదు నిమిషాల్లో చెప్తారు. సెలవుల క్యాలెండర్ ఏ దేశానిదో కూడా కనుక్కోండి. అమెరికాది అయితే నవంబర్‌లో థ్యాంక్స్ గివింగ్‌కు సెలవుంటుంది గానీ సద్దుల బతుకమ్మ సాయంత్రం, చెర్వుగట్టు జాతర రాత్రి మీరు హెడ్‌సెట్ పెట్టుకొని కూర్చోవాల్సి రావొచ్చు.

నా లెక్కలో ఎల్-1 నైట్‌కు ఏడాది, ఎల్-2 లేదా ఎస్‌ఓసీ నైట్‌కు రెండేళ్లు చాలు. నోటీస్ పీరియడ్ 90 రోజులైతే ఏడాదికి బయటికి రావాలనుకున్నవాళ్లు ఎనిమిదో నెలలోనే రెజ్యూమె సిద్ధం చేసి, తొమ్మిదో నెలలో ఇంటర్వ్యూలు మొదలుపెట్టాలి. ఇంటర్వ్యూలు పగలే ఉంటాయి కాబట్టి డ్యూటీ దిగిన పూట కాకుండా సోమవారం పగటి స్లాటే అడగండి. వారంలో మీరు కడుపునిండా నిద్రపోయి లేచే పగలు ఎక్కువగా అదే.